పక్కింటి కెజయా విడాకులు

కొత్త రాష్ట్రపు రాజధాని కోరిడన్‌లో శాసనసభ్యులకు వండిపెట్టే డార్కస్ సభలో ఏ చట్టం అయినా ఊరికంటే ముందే వింటుంది. తోడేలు తల తెస్తే ఎంత బహుమానమో, ఏ రేవులో పడవ ఎవరు నడపాలో, అర్జీ పెట్టుకున్న వాళ్లలో ఎవరికి విడాకులివ్వాలో, అన్నీ మొక్కజొన్న రొట్టెలు వడ్డిస్తూనే విని, మూతి తిప్పుకుని, గౌనుకు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి పోతుంది. ఇవాళ మాత్రం కాఫీ కూజాతో అక్కడే నిలబడిపోయింది.

"మీ పక్కింటి కెజయా పెళ్లి రద్దు చేస్తూ చట్టం చేశామక్కా," అన్నాడు సభ్యుడు పెటిగ్రూ, రొట్టె నములుతూ.

డార్కస్ మొహం మాడిపోయింది. "కుండ తోమడం రాదు దానికి! దాని పేరు మీద చట్టమా? అర్జీలో ఏం రాయించిందట?"

"మొగుడు కొడతాడని."

"కొడితే చాలా?" అంది, గౌను చేతిని కమిలిన మణికట్టు మీదికి లాక్కుంటూ.

"అబ్బే, చాలదు. వాడు దాన్ని వదిలేసి పారిపోయాడు కూడా. అందుకే ఒప్పుకున్నాం."

డార్కస్ పొయ్యి వైపు చూసింది. అక్కడ కాళ్లు చాపుకుని కూర్చున్న ఆమె మొగుడు ఏసా, "కాఫీ ఏదే?" అని అరిచాడు. వెళ్లి ముందు అతని కప్పే నింపింది.

"మా ఆయన ఊరు దాటి ఒక్క రాత్రి కూడా ఉండడు బాబూ," అంది.

"అదృష్టవంతురాలివక్కా!" అన్నాడు పెటిగ్రూ.