కాళ్ళ నాడి చూడమన్న డాక్టరమ్మ

డైపర్ పట్టీ ఊడదీస్తే చర్రుమని ఒక చప్పుడు వస్తుంది. మాచర్లలోని నా ఆస్పత్రిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ చప్పుడు వింటూనే ఉంటాను. అది వినపడగానే నా వేళ్ళు వాటంతటవే పసిబిడ్డ గజ్జల దగ్గరికి పోతాయి. బిడ్డ జలుబుతో వచ్చినా, టీకా కోసం వచ్చినా అంతే. రెండు పక్కలా సన్నగా, చర్మం కింద పురుగు కదిలినట్టు నాడి తగిలేదాకా తల్లి చెప్పే మాట ఒక్కటీ నా చెవికెక్కదు. జలుబని చెబితే అక్కడేం చూస్తున్నావని కొందరు తల్లులు ముఖం మీదే విసుక్కుంటారు. వాళ్ళకు పదింతలు నేను విసుక్కున్నాను, నరసరావుపేటలో డాక్టర్ విశాలాక్షి గారి దగ్గర పనిచేసిన మూడేళ్ళూ.

ఆమె గుండె డాక్టరు కాదు. పిల్లల డాక్టరు. పొట్టి మనిషి, ఇస్త్రీ లేని నేత చీర, మెడలో రబ్బరు గట్టిపడిపోయిన స్టెతస్కోపు. పసిపిల్లల గుండెకు ఎకో స్కాన్ తీయాలంటే గుంటూరు పంపాల్సిందే. ఎవరిని పంపాలో తేల్చడానికి ఆమె దగ్గరున్న సామాను రెండు చెవులు, పది వేళ్ళు, గోడ గడియారం. గుండెలో లోపమున్న పిల్లలు నేరుగా గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళరని, జలుబనో, బరువు పెరగడం లేదనో, పాలు సరిగా తాగడం లేదనో మన దగ్గరికే వస్తారని, మనం పట్టుకోకపోతే వాళ్ళను పట్టుకునేవాళ్ళు లేరని రోజూ చెప్పేది. నిజంగా రోజూ. పిల్లల వైద్యంలో డిప్లొమా పూర్తిచేసి గురజాల నుంచి వచ్చిన నాకు మొదటి వారంలో ఆ మాట గొప్పగా అనిపించింది. రెండో నెల నుంచి ఆమె నోరు తెరుస్తుంటేనే ఒళ్ళు మండేది.

నరసరావుపేటలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. ఆ నెలలో ఆమె ఫ్యాను ఆపించేది. ఏసీ ఉంది, దాన్నీ ఆపించేది. ఆ హోరులో గుండె చప్పుళ్ళ మధ్య వచ్చే సన్నటి గరగర వినపడదని ఆమె వాదన. చంటిబిడ్డ ఏడుస్తుంటే ఏడుపు ఆగేదాకా కూర్చునేది. బయట బెంచీల మీద జనం గొణుగుతున్నా, కాంపౌండరు తలుపు సందులోంచి రెండుసార్లు తొంగిచూసినా కదిలేది కాదు. పాలు తాగలేకపోతున్నాడన్న బిడ్డకు తన ఎదుటే పాలిప్పించేది. గడియారం చూస్తూ, మధ్యలో బిడ్డ ఎన్నిసార్లు ఆగి ఆయాసపడ్డాడో లెక్కపెట్టేది, నుదుటి మీద చెమట పట్టిందేమో వేలితో రాసి చూసేది. మధ్యాహ్నం మూడైనా మాకు అన్నం లేదు. ఇంత చేస్తే వందలో తొంభైమందికి పైగా పిల్లలకు వట్టి జలుబే. ఇంత చాదస్తం అవసరమా అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఆమె నా వంక తిరగను కూడా తిరగకుండా, "ఆకలైతే పోయి తినిరాయే కోటేశ్వరీ, బిడ్డని నేను చూస్తా" అంది. పోలేదు. అలా అన్నాక ఎవరు పోతారు.

ఆస్పత్రిలో మేము ఉంచుకునే ప్రతి చీటీలోనూ కాళ్ళ నాడి అని ఒక గడి ఉండేది. ఆమే ప్రత్యేకంగా అచ్చు వేయించింది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. చేతులకు రక్తం బాగా పోతుంది, కాళ్ళకు సరిగా అందదు. పైకి బిడ్డ తెల్లగా, బొద్దుగా ఉండొచ్చు. స్టెతస్కోపుకు ఏమీ వినపడకపోవచ్చు. గజ్జల్లో వేలు పెడితే మాత్రం నాడి ఉండదు, ఉన్నా అందీ అందనట్టు ఉంటుంది. ఇది చదువులో నాకు తెలిసిన సంగతే. కానీ డైపర్ విప్పాలి, కాళ్ళు కొట్టుకునే బిడ్డను పట్టుకోవాలి, అరనిమిషం ఓపికగా వెతకాలి. రోజుకు అంతమందికి.

ఆ రోజు సోమవారం. ముప్పాళ్ళ నుంచి రేష్మా అనే అమ్మాయి ముప్పైతొమ్మిది రోజుల కొడుకును తీసుకొచ్చింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. భర్త సుభానీకి చిలకలూరిపేటలో పత్తి మిల్లులో మెకానిక్ పని. బిడ్డ పేరు అయాన్. ముక్కు దిబ్బడ అని చెప్పింది. పాలు తాగేటప్పుడు చెమటలు పడుతున్నాయని కూడా చెప్పింది, అది రాసుకున్నాను. బరువు చూశాను, పుట్టినప్పటికంటే ఏమంత పెరగలేదు, అదీ రాసుకున్నాను. గుండె విన్నాను, ఏమీ వినపడలేదు. ముక్కులో చుక్కలు రాసిచ్చాను. కాళ్ళ నాడి గడిలో నార్మల్ అని రాశాను. డైపర్ విప్పలేదు. ఆ గడిలో చూడకుండా రాయడం అదే మొదటిసారి అని చెప్పగలిగితే బాగుండేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక విశాలాక్షి గారు పొద్దుటి చీటీలన్నీ ముందేసుకుని కూర్చునేది. అదో హింస మాకు. ఆ చీటీ దగ్గర ఆగింది. చెమటలు అన్న మాట కింద వేలు పెట్టింది, బరువు కింద వేలు పెట్టింది.

"కాళ్ళ నాడి బాగుందని రాశావు. ముందు ఏ పక్క చూశావే, ఎడమా, కుడా?"

నేను ఆగిపోయాను. ఆ ఆగడమే ఆమెకు చాలు. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను, తిట్టలేదు. చీటీ మీదున్న నంబరుకు ఫోన్ చేసింది, స్విచాఫ్. మళ్ళీ చేసింది. కారు తాళాలు తీసుకుని బయటికి నడుస్తూ నన్ను రమ్మంది. రేపు పిలిపిద్దామండీ, ముక్కు దిబ్బడే కావచ్చు కదా అన్నాను. అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది, ముప్పాళ్ళ చేరేదాకా ఆపలేదు.

ఆమె కారు నడపడం ఇంకో నరకం. ఖాళీ రోడ్డు మీద కూడా రెండో గేరు దాటదు. మిరప బస్తాల ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఒక పక్క నన్ను తిడుతూ, ఇంకో పక్క రోడ్డును తిడుతూ, మధ్యలో ఫోన్ ఆపేసుకున్నందుకు రేష్మాను తిడుతూ పోనిచ్చింది. నాకు భయం, సిగ్గు, వాటికంటే ఎక్కువగా కోపం. ఇంత ఆర్భాటం చేసి వెళ్ళాక బిడ్డ నాడి మామూలుగా ఉంటే ఈ మనిషి ముఖం ఎలా పెడుతుందో చూడాలని కూడా అనుకున్నాను. అలా అనుకున్నది నేనే.

ముప్పాళ్ళలో టీకొట్టు దగ్గర అడిగితే షామియానా వేసిన ఇల్లు చూపించారు. మర్నాడు బిడ్డకూ తల్లికీ నలభయ్యో రోజు స్నానం. చుట్టాలు అప్పుడే దిగారు, పెరట్లో ఉల్లిపాయలు కోస్తున్నారు. సుభానీ మిల్లుకు సెలవు పెట్టి వచ్చి ఉన్నాడు. మేము లోపలికి వెళ్ళి, బిడ్డను మంచం మీద పడుకోబెట్టి డైపర్ విప్పాం. నా వేళ్ళు పెట్టాను. కుడివైపు లేదు. ఎడమవైపు లేదు. మోచేతి దగ్గర చూస్తే డబడబ కొట్టుకుంటోంది. విశాలాక్షి గారు చూసింది. సంచీలోంచి పసిపిల్లల బీపీ పట్టీ తీసి చేతికి, కాలికి కట్టి చూసింది. కాలిలో బీపీ చేతిలో ఉన్నదానికి సగమే ఉంది. డొక్కలు ఎగరేస్తూ బిడ్డ తీస్తున్న ఊపిరి పొద్దున కూడా అలాగే ఉండి ఉంటుంది. నేను చూడలేదు.

ఇప్పుడే గుంటూరు బయల్దేరాలని ఆమె అనగానే రేష్మా తల్లి బీబీజాన్ అడ్డం తిరిగింది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. "ఏంది డాక్టరమ్మా, పొద్దున బాగున్నాడని మీరేగా పంపించింది. సాయంత్రానికి గుండె చెడిపోయిద్దా? మంచిపనికి మనుషులొచ్చారు ఇంటికి."

విశాలాక్షి గారు నా వైపు చూసింది. "చెప్పవే" అంది.

చుట్టూ పదిహేనుమంది దాకా ఉన్నారు. రేష్మా వైపు తిరిగి, పొద్దున కాళ్ళ నాడి చూడకుండానే బాగుందని రాశానని, తప్పు నాదేనని చెప్పాను. సుభానీ ఒక్క అడుగు ముందుకొచ్చాడు. పక్కనున్నవాళ్ళు అతని భుజం పట్టుకున్నారు. బీబీజాన్ అయితే ఒక డాక్టరమ్మ అబద్ధమాడితే రెండో డాక్టరమ్మను ఎందుకు నమ్మాలని అడిగింది. న్యాయమైన మాటే.

విశాలాక్షి గారు వాదించలేదు. "నన్ను నమ్మొద్దు. నీ చెయ్యి ఇటివ్వు తల్లీ" అని బీబీజాన్ చూపుడువేలు పట్టుకుని ముందు బిడ్డ మోచేతి మడతలో పెట్టింది, తర్వాత గజ్జలో పెట్టింది. బీబీజాన్ కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. మళ్ళీ మోచేతికి వెళ్ళింది, మళ్ళీ గజ్జకు వచ్చింది. తర్వాత లేచి, చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె ఒళ్ళోంచి రెండునెలల పిల్లను అడిగి తీసుకుంది. ఆ పిల్లను అదే మంచం మీద పడుకోబెట్టి, అదే చోట వేలు పెట్టి చూసింది. మేమెవరం ఆ పని చేయమని చెప్పలేదు.

"ఈ పిల్లకి కొట్టుకుంటంది. మావోడికి లేదు" అంది కూతురితో. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎదురుచెప్పలేదు.

రేష్మా మాత్రం బిడ్డను గుడ్డలో చుట్టుకుంటూ నా ఎదుట ఆగింది. తిడుతుందనుకున్నాను. "ఇప్పుడు చూశారుగా. ఇంక ఎక్కడికి పోవాలో దారి చెప్పండి" అంది.

తల్లీకూతుళ్ళు బిడ్డతో వెనకసీట్లో, సుభానీ బండి మీద వెనకాల. ఆ రోజు విశాలాక్షి గారు నాలుగో గేరు కూడా వేయగలదని తెలిసింది. గుంటూరులో ఎకో తీసి ఆమె చెప్పిందే ఖాయం చేశారు. గుండె అప్పటికే అలిసిపోతోందన్నారు. మందులతో రెండు రోజులు నిలబెట్టి విజయవాడ పంపారు. అక్కడ ఆ నొక్కుకుపోయిన ముక్క కోసేసి రెండు చివర్లూ కలిపి కుట్టారు. ఇంకో వారం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో అక్కడి డాక్టరు నాకు చెప్పాడు. అది ఇక్కడ రాయను. అయాన్ ఇప్పుడు నాలుగో తరగతి. ఏడాదికోసారి బీపీ చూపించుకోవడానికి వాళ్ళ నాన్న మాచర్ల దాకా నా దగ్గరికే తీసుకొస్తాడు. ఎందుకు నా దగ్గరికే అని నేనెప్పుడూ అడగలేదు.

గుంటూరు నుంచి తిరిగి వస్తున్నప్పుడు కారులో మేమిద్దరమే. ఉద్యోగం మానేస్తానని చెప్పాను. ఏడాదిగా తనకు చెవులు సరిగా పనిచేయడం లేదని ఆమె చెప్పింది. పెద్ద చప్పుళ్ళు వినపడుతున్నాయట, గుండెలో సన్నటివి జారిపోతున్నాయట. అందుకే ఫ్యాన్లు ఆపించడం, అందుకే ఏడుపు ఆగేదాకా కూర్చోవడం, అందుకే మా చీటీలు ముందేసుకుని వెతకడం. "నువ్వు రాసింది చూసుకునే నేను ధైర్యంగా ఉంటన్నానే. నువ్వు మానేస్తే ఇంకోపిల్లకి మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి. నాకు అంత ఓపిక లేదు" అంది. అది క్షమించడమో, ఇంకో తిట్టో నాకు ఇప్పటికీ తేలలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదికి వెళ్ళాను. ఫ్యాను ఆపి ఉంది. ఆమె నన్ను మెచ్చుకున్న రోజు ఆ తర్వాత కూడా ఒక్కటీ లేదు.

రెండేళ్ళ క్రితం ఆమె పోయింది, సోమవారం పూట, నా ఆస్పత్రి కిక్కిరిసిపోయే రోజున. ఈ మనిషి ఇందులోనూ నన్ను కుదురుగా ఉండనివ్వలేదని విసుక్కుంటూ వెళ్ళాను. అంత్యక్రియలు అయ్యేదాకా ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను.

నా దగ్గర చేరే ప్రతి డాక్టరుకూ మొదటిరోజే ముప్పాళ్ళ సంగతి చెబుతాను. అబద్ధం రాసింది నేనేనని పేరుతో సహా చెబుతాను. వాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది, నేల చూపులు చూస్తారు. ఈ మేడంకు చాదస్తమని నా వెనక అనుకుంటారని కాంపౌండరు నా చెవిన వేశాడు. అనుకోనీ. పోయిన నెల ఒక సాయంత్రం, కొత్తగా చేరిన స్రవంతి నా గది గుమ్మంలో వచ్చి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. "మేడం, ఇందాక దగ్గుతో వచ్చిన పాపకి కాళ్ళ నాడి నేను చూడలేదు. చూశానని రాశాను. వాళ్ళు ఇంకా బస్టాండులోనే ఉండుంటారు" అంది. ఇన్నిసార్లు చెప్పినా బుద్ధి లేదా, చదువుకున్నదానివేనా, నీకు ఈ ఉద్యోగమెవరిచ్చారని నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే బల్ల కింద కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నాను. ఆ పిల్ల అప్పటికే మెట్లు దిగి పరుగెడుతోంది.