మంచు విత్తనం

అక్క పోయిందన్న కబురు నేను కుట్టు మిషన్ మీద ఉండగా వచ్చింది. మా ఆయన ఫోన్ చేసి "వదిన లేదే" అని రెండు మాటలు అని, మూడోది అనలేక పెట్టేశాడు. నా కాలు మిషన్ మీద నుంచి తీయడం మర్చిపోయాను. ఎవరో అరబ్బావిడ వేసుకునే అబాయా గౌను చెయ్యి అడ్డదిడ్డంగా కుట్టుకుంటూ పోయింది. తర్వాత దాన్ని విప్పుతూ ఏడ్చాను.

అక్కంటే నా తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య. నాకు పెద్ద తోటికోడలు. రాజోలు దగ్గర నుంచి అన్నదమ్ములిద్దరూ బహ్రెయిన్ వచ్చి గలాలీ అనే ఊళ్లో ఒకే పాత ఇంట్లో చెరో గదిలో కాపురాలు పెట్టాం. వంటిల్లు మాత్రం ఒక్కటే. అక్క పొద్దున్న అరబ్బుల ఇంట్లో వంట చేసి వచ్చి, మధ్యాహ్నం నుంచి లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్లకి చేపల కూర కేరేజీలు కట్టేది. అందుకే మా వంటింట్లో సగం చోటు పెట్టెలాంటి పాత ఫ్రీజరుదే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మా వైపు తమ్ముడి భార్య బావగారితో ఎదురుపడి మాట్లాడదు. నేను నోరున్నదాన్నే, అడిగితే మా ఆయన చెబుతాడు. అయినా బావగారు వస్తే తలుపు చాటుకి జరిగేదాన్ని. ఆయనకి చారు పుల్లగా అనిపిస్తే అక్కతో అనేవారు, నాకు గ్యాసు బండ కావాలంటే నేనూ అక్కకే చెప్పేదాన్ని. ఆయన కోపిష్టి, నేను దురుసు. ఇటు మాట అటు చేరేలోపు అక్క అందులో కాస్త పంచదార కలిపేది. ఇన్నేళ్లూ ఇంట్లో గొడవ లేదంటే అది మా మంచితనం కాదు.

ఫ్రీజరు గోడలకి ఏడాదంతా మంచు పేరుకునేది. మూత పడకుండా అయ్యేసరికి చలికాలం వచ్చేది. ఎండాకాలం ఫ్రీజరు ఆపితే చేపలు ఊరుకుంటాయా? అందుకని చల్లగాలి మొదలయ్యాక ఒక శుక్రవారం మంచు తీసే పండగ. చేపల్ని దుప్పట్లలో చుట్టి, ప్లగ్గు పీకిన దగ్గర నుంచి అక్క మనిషి మారిపోయేది. అవి కరిగేలోపు మంచంతా తీసి, తుడిచి, మళ్లీ ఆన్ చెయ్యాలి. ఎవరైనా నవ్వితే "నవ్వులు తర్వాత, ముందు గిన్నె అందుకో" అని కసిరేది. పిల్లలు మాత్రం ఆగుతారా? తీసిన మంచు బేసిన్లకెత్తి డాబా మీద ఒకళ్ల మీద ఒకళ్లు విసురుకునేవాళ్లు. పక్కింటి అరబ్బు ముసలాయన గోడ మీద నుంచి చూసి "యల్లా, కానీండి, ఇటు కూడా ఒకటి" అనేవాడు.

ఓసారి పిల్లలు మంచు విసురుకుంటుంటే ఫోటో తీసి అక్క మా అత్తగారికి పంపింది. ఆవిడ నిజంగానే బహ్రెయిన్‌లో మంచు పడిందనుకుంది. వీధంతా చెప్పింది. "మంచు కురిసే దేశంలో ఉద్యోగాలేంట్రా, వచ్చెయ్యండి" అని ఫోన్లో ఏడుపు. వారం తిరక్కుండా ఎవరో వస్తుంటే వాళ్ల చేత ఉన్ని స్వెట్టర్లు, మంకీ క్యాపులు, శొంఠి పంపింది. నేను నిజం చెప్పేద్దామన్నాను.

"గమ్మునుండవే. ఎండకి మాడిపోతున్నారని ఇన్నాళ్లూ ఏడ్చింది. కొన్నాళ్లు చలికి ఏడవనీ, మార్పుగా ఉంటది" అంది అక్క.

ఆ ఏడాది నుంచి మంచు తీసే రోజున పిల్లలందరికీ స్వెట్టర్లు తప్పనిసరి. చెమటలు కక్కుతూ ఫోటో దిగేవాళ్లు.

అన్నీ నవ్వులే కాదు. ఒక ఏడాది బావగారికి ఓపిక చాలక స్క్రూడ్రైవర్‌తో మంచు పొడిచారు. లోపలి గొట్టానికి చిల్లు పడి బుస్సుమని గ్యాసు పోయింది. ఫ్రీజరు చచ్చింది, చేపలు కరుగుతున్నాయి. అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. కొంగు దోపుకుని ఉన్న చేపలన్నీ పులుసు పెట్టి వీధంతా పంచింది. ఇంకో పాత ఫ్రీజరు వచ్చాక మాత్రం చట్టం పెట్టింది. "ఇనుం ముట్టుకుంటే ఊరుకోను. వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి మూతేసి కూర్చోవాలి. అదే జారిపోద్ది." బావగారికి కోపం వచ్చినప్పుడు కూడా ఆవిడ చేసేది ఇదే. టీ గ్లాసు ముందు పెట్టి పక్కన కూర్చునేది.

చివర్లో ఇంకో తంతు ఉండేది. తీసిన మంచులోంచి గుప్పెడు తీసుకుని ముద్ద చేసి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి, తుడిచిన ఫ్రీజరు అడుగున పెట్టేది. "విత్తనం దాచకపోతే వచ్చేడు పంటెలా వస్తదే?" అనేది. వడ్లు దాచిన ఇంట్లో పుట్టిన మనిషి మరి. ఒకసారి బావగారు సరదాకి నేను పెడతానన్నారు. "మీ చేతులు వేడండీ, కరిగిపోద్ది" అని ఆయన చేతిలోది లాక్కుంది.

ఎండాకాలంలో అక్క పోయాక బావగారు ఊరెళ్లి కర్మలన్నీ చేసి తిరిగొచ్చారు. ఫ్రీజరు జోలికి ఎవర్నీ వెళ్లనివ్వలేదు. మంచు పెరిగి మూత పడటం మానేస్తే మీద నీళ్ల క్యాను పెట్టారు. చలికాలం వచ్చింది. మంచు తీసే మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలంటే ఆయనతో మాట్లాడాలి, మా ఆయనకి అన్నగారంటే భయం, మాట అందించే మనిషి లేదు. ఇంట్లో మోటారు రొద తప్ప మాట వినబడేది కాదు.

మొన్న శుక్రవారం ఆ మోటారు గరగరమంది. ఇవాళ మంచు తియ్యకపోతే కాలిపోతుందన్నాడు మా ఆయన. బావగారు లేచి ప్లగ్గు పీకారు. మూత ఎత్తాం. అడుగున ఐస్‌క్రీం డబ్బా మొత్తం గడ్డలో కూరుకుపోయి ఉంది, రంగు మాత్రం కనిపిస్తోంది. అది చూడగానే ఆయన మొహం మారిపోయింది. లోపలికెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చారు. డబ్బాలోది కరగకముందే తియ్యాలని ఆయన తొందర. ఒక పోటు వేశారు. గడ్డ ముక్క ఎగిరి గోడకి తగిలింది. రెండో పోటు ఫ్రీజరు గోడ పక్కగా పడింది. మా ఆయన "అన్నయ్యా" అని ఊరుకున్నాడు. పిల్లలు నా వెనక నక్కారు. నేను వేడినీళ్ల గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆ ఫ్రీజరు పోతే ఆ గుప్పెడు మంచు దాచడానికి చోటు లేదు. అక్క చేత్తో చేసింది మా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

ఆయన మళ్లీ చెయ్యి ఎత్తారు.

"బావగారూ, ఇనుం వద్దు."

నా గొంతే. ఇంట్లో అందరూ నా వైపు తిరిగారు. ఆయనా తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడతారనుకున్నాను.

"గిన్నె పెట్టి మూతేసి కూర్చోవాలండి. అదే జారిపోద్ది" అన్నాను. పంచదార కలపడం నాకు చేతకాలేదు, అక్క మాటే యథాతథంగా అప్పజెప్పాను.

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. గిన్నె నేనే లోపల పెట్టాను, డబ్బాకి దూరంగా. మూతేసి అందరం నేల మీద కూర్చున్నాం. వేడికి విత్తనం కూడా కరిగిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. చాలాసేపటికి లోపల ధబ్బుమని గడ్డ జారింది. చెక్క గరిటెతో మెల్లగా కదిపితే డబ్బా ఊడి వచ్చింది. మూత తీసి చూశాం. ముద్ద అలాగే ఉంది. దాని మీద అక్క వేళ్లు నొక్కిన సొట్టలు ఉన్నాయి. చిటికెన వేలిది కూడా.

మూత పెట్టేసి డబ్బాని మా అత్తగారి స్వెట్టర్లలో చుట్టాం. ఆ ఉన్ని ఈ దేశంలో మొదటిసారి పనికొచ్చింది. ఫ్రీజరు తుడిచి ప్లగ్గు పెట్టాక మోటారు ఉలకలేదు. పిల్లలు కూడా కదల్లేదు. మా ఆయన ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాడు. అప్పుడు టక్కుమని, గుర్రుమని పట్టుకుంది. ఏడ్చేశాను, సిగ్గు పడలేదు.

బావగారు స్వెట్టర్లు విప్పారు. మూత తీసి ఆ సొట్టల కేసి చాలాసేపు చూశారు. వేలు దగ్గరదాకా తీసుకెళ్లి, వెనక్కి తీసుకున్నారు. తర్వాత డబ్బాని స్వెట్టరు చేతితో పట్టుకుని, తలెత్తి నా మొహంలోకి చూసి నా వైపు చాచారు.

"నువ్వు పెట్టమ్మా. నా చేతులు వేడి."