జంబెట సొంత పొయ్యి

మా కొండ ఊళ్ళలో రొట్టె పొయ్యిలు కట్టడంలో నా అంతటి మేస్త్రీ లేడు. గొప్ప కోసం అంటున్న మాట కాదు. భూకంపానికి చర్చి గోడ బీటలిచ్చింది గానీ, దాని వెనక నేను కట్టిన పొయ్యి చెక్కు చెదరలేదు. చదువు నాలుగో తరగతితో ఆగింది, చెయ్యి మాత్రం ఆగలేదు. అయినా ఇప్పుడు రాసేది మా చెల్లెలు జంబెట సంగతి.

ఒక వాకిలికి ఒకటే పొయ్యి అని దాని మామగారి మాట. ఆ పొయ్యి పెద్దకోడలు రినియోది. రినియో రొట్టెలు కాలాకే జంబెట వంతు. ఎండాకాలం పిండి ఆగుతుందా? పొంగి పొంగి కుంగిపోయేది. "నీ చెయ్యంటే పిండికి కూడా భయమేనే" అనేది రినియో. తల నెరిసేదాకా మా చెల్లెలు ఆ మాట పడింది.

మామగారు చనిపోయిన ఏడాది జంబెట నా దగ్గరికొచ్చి, "అన్నా, పొయ్యి కట్టుకుంటున్నా. నా పిండి పొంగినప్పుడే నా రొట్టె కాలాలి" అంది.

"ద్రాక్ష కోతలు అయిపోనీ, కట్టి పెడతాలే."

"నిన్నెవరు కట్టమన్నారు? నువ్వు కడితే అది నీ పొయ్యి అంటారు."

కూలిన పందుల దొడ్డి ఇటుకలతో అడుగు పరిచింది. వాగులోంచి బంకమట్టి మోసుకొచ్చి, గడ్డీ మేకవెంట్రుకలూ కలిపి కాళ్ళతో తొక్కింది. గుమ్మటానికి అచ్చుగా తడి ఇసుక కుప్ప పోసి దానిమీద మట్టి మెత్తింది.

"ఇదేంటే, ఆవు పడుకున్నట్టుంది."

"ఈనాక చూద్దువులే."

మట్టి ఆరాక, పొయ్యి నోట్లోంచి లోపలి ఇసుక తోడడం మొదలుపెట్టింది. సగం తోడేసరికి టప్పుమంది. గుమ్మటం నడినెత్తి నుంచి వెంట్రుకంత బీట కిందికి పాకింది.

"ఆపవే, కూలుతుంది. ఇటుకలతో నేనెత్తుతా."

జంబెట తలా భుజాలూ పొయ్యిలో దూర్చి, పైకప్పుకి అరచెయ్యి ఆనించింది. లోపల్నుంచి గొంతు వినిపించింది: "అన్నా, కాస్త నోర్ముయ్. ఇదేమంటుందో విననీ."

చాలాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చి తడిమట్టి ముద్ద అందుకుంది. మళ్ళీ ఇసుక గుప్పెడు గుప్పెడు బయటపడింది. ఆఖరి గుప్పెడు కూడా వచ్చేసింది. గుమ్మటం కింద ఏమీ లేదు, అయినా నిలబడింది. చెయ్యి పెట్టి తడిమాను. గుడ్డు పెంకు లోపలివైపులా నున్నగా ఉంది. తెలీకుండానే టోపీ తీసేశాను.

కొన్నాళ్ళు పుల్లలతో సన్నమంట పెట్టి చెమ్మ లాగించింది. ఆ తర్వాత, మా కొండల్లో ఎండలు మండే ఆగస్టులో ఒక పూట, పిండి కదలడం చూసి మంట పెద్దది చేసింది. మిట్టమధ్యాహ్నం పొగ లేచేసరికి ఊరు ఊరంతా గుమ్మాల్లోకొచ్చింది.

"ఈ ఎండలో పొయ్యేంటి, మతి పోయిందా?" అంది రినియో.

"పిండి ఇప్పుడు పొంగింది అక్కా" అని జంబెట రొట్టెలు లోపలికి తోసింది.

తీసేటప్పుడు మొదటి రొట్టె పొయ్యి నోటికి తగిలి ఆగింది, అంత ఎత్తు పొంగింది మరి. పక్కకి వంచి తీసి, దాన్ని చూస్తూ మా చెల్లెలు అలాగే నిలబడిపోయింది.