చివరి కాల్ నాది
మా అమ్మ యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వంట చేసేది. నేను అదే క్యాంపస్‌లో ఎం.ఏ. చదివేదాన్ని. ఇల్లు పక్కనే, మాణికేశ్వర్ నగర్‌లో. ఒక ఉదయం టిఫిన్ల పని ముగించుకుని అమ్మ బీపీ మందుల కోసం తార్నాక వెళ్ళింది. మెట్రో స్టేషన్ దగ్గరి గల్లీలో నీళ్ళ ట్యాంకర్ వెనక్కి వస్తూ ఆమెను గోడకు నొక్కేసింది. నేను ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

పోలీసులు ఇచ్చిన ఆమె ఫోన్‌లో చివరి కాల్ నాది. నా హాల్‌టికెట్ ఎక్కడ పెట్టావని అడగడానికి చేశాను. నేను చేసిన సమయమూ, ప్రమాదం జరిగిన సమయమూ దాదాపు ఒకటే. ఆ సంగతి నాయనకు చెప్పలేదు. క్లాసులో కూర్చున్నా, బస్సులో నిలబడ్డా అమ్మే కనిపించేది. నా మాట సరిగ్గా వినపడక రెండో చెవి చేత్తో మూసుకుని నిలబడి ఉండేది. ఆమె వెనక ట్యాంకర్.

నెల తిరిగాక చుట్టుపక్కలవాళ్ళు నష్టపరిహారం కోసం కేసు వేయమన్నారు. నాయన ససేమిరా అన్నాడు.

"మనిషిని అమ్ముకున్నట్టు ఉంటది బిడ్డా."

బతిమాలి వారాసిగూడలో ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె నాయనకు మంచినీళ్ళిచ్చి నెమ్మదిగా చెప్పింది. "డ్రైవర్‌కు శిక్ష పడే కేసు పోలీసులు చూస్తరు, అది వేరే. ఇది మీరు వేసేది. ఆమె తప్పు లేకుండ పోయింది, ఆమె మీద ఆధారపడ్డోళ్ళకు బండి తరఫోళ్ళు జవాబు చెప్పాలె. అమ్ముకునుడు కాదన్నా ఇది."

ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, వయసు రుజువు, పని చేసినట్టు రుజువు, కళ్ళారా చూసిన మనిషి కావాలంది. మెస్సు కాంట్రాక్టర్ అమ్మ పేరుతో ఒక్క కాగితం కూడా ఉంచలేదు. చివరికి వార్డెన్ ఉత్తరం రాసిచ్చింది. అమ్మ ఈ లోకంలో బతికిందని, వండిందని, మమ్మల్ని సాకిందని కాగితాల మీద చూపించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

చూసిన మనిషి ఆ గల్లీ మొదట్లో కొబ్బరి బోండాలు అమ్మే పెద్దావిడ. "నాకెందుకమ్మా కోర్టులు? రేపు గీడ్నే బండి పెట్టుకోవాలె నేను" అంది మొదట. వారానికోసారి వెళ్ళేదాన్ని. ఒకరోజు అమ్మ ఫోటో అడిగి చూసింది. చాలాసేపు చూసి, "వస్తా" అంది.

కోర్టులో ట్యాంకర్ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు, ఫోన్ మాట్లాడుతూ అమ్మే చూసుకోలేదని తేల్చడానికి, నన్ను సూటిగా అడిగాడు. "ఆ టైముకు మీ అమ్మకు ఫోన్ చేసింది మీరే కదా?"

"అవును" అన్నాను. వెనక బెంచీ మీదున్న నాయన వైపు చూడలేకపోయాను.

తర్వాత పెద్దావిడ బోనెక్కింది. "ఫోన్ చేతుల లేదు సార్. మాట్లాడుడు అయిపోయినంకనే సంచిల ఏస్కున్నది. నా బండి పక్కన ఓరకు నిలబడ్డది. టాంకరోడు ఎనకా ముందు చూడలే, హారన్ కొట్టలే."

బయటికి వచ్చాక ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నా మీద జాలితో అన్నవా పెద్దమ్మా? నిజంగనే ఫోన్ పెట్టేసిందా?"

"ఏందమ్మా గట్లంటవ్? సంచిల ఏస్కుంట నాతోని నవ్వింది. తిన్ననని అబద్ధం చెప్తది నా బిడ్డ, అన్నది."

ఆ రోజు తిన్నావా అని అమ్మ అడిగితే తిన్నానన్నాను. తినలేదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. కోర్టు మెట్ల మీదే కూర్చున్నాను. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఫోన్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

ఏడాదిన్నరకు తీర్పు మావైపు వచ్చింది. తప్పంతా డ్రైవర్‌దేనని ఉన్న వాక్యాన్ని నాయన నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇప్పుడు మా గల్లీలో ఎవరింట్లో ఇలాంటిది జరిగినా నన్ను పిలుస్తారు. మొన్న భర్తను పోగొట్టుకున్న ఒకావిడ అడిగింది. "కేసు గెలిస్తే మనసు కుదుటపడతదా చెల్లె?"

"పడదక్కా. నాకు ఇంకా కనిపిస్తనే ఉంటది అమ్మ. కాని తప్పు ఆమెది కాదని రాసి ఉన్నది."

ఆమె తన కాగితాల కవరు నా చేతిలో పెట్టింది.