పీపీ ప్లేటు, నాలుగు క్యాసెట్లు

ఆ రోజుల్లో పాటను ఇంట్లో దాచుకోవడం అంత సులువైన పని కాదు. వేలితో నొక్కగానే వచ్చి ఒళ్లో పడేది కాదు. (ఇప్పుడు పడుతోంది గానీ, చివరిదాకా వినే ఓపిక ఎవరికుంది!) నేను డిగ్రీలో కొత్తగా చేరాను. తెలిసింది గోరంత, తెలియదని ఒప్పుకునే అలవాటు అసలే లేదు. ఒకచోట కుదురుగా కూర్చునే గుణమైతే అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా ఇంట్లో ఒక రికార్డు ప్లేయరు, ట్రంకు పెట్టె నిండా రికార్డులు ఉండేవి. అవి అమ్మ వాళ్ల నాన్నవి. తాతయ్య పోయాక మా ఇంటికొచ్చి అలా ఉండిపోయాయి. వంట చేస్తున్నా బట్టలు మడతపెడుతున్నా అమ్మకు ఆ పాటలు మోగుతూ ఉండాల్సిందే. కొత్త ఇల్లు కట్టుకున్న మామయ్య ఓ రోజు వచ్చి, చాయ్ తాగి, "అక్కా, వచ్చే ఐతారం రిక్షా తీస్కొస్త. పాటల పెట్టె, ప్లేట్లు తీస్కపోత. ఇన్నేండ్లు నువ్వే విన్నవ్ గద, జర మేం గూడ వింటం" అన్నాడు. న్యాయమైన మాటే. అమ్మ సరేనంది గానీ, ఆ పూట కూరలో ఉప్పు మరిచిపోయింది. నేను ఛాతీ విరుచుకుని, "ఫికర్ చెయ్యకే అమ్మా, ఐతారం లోపల నీ పాటలన్ని క్యాసెట్లల్లకు ఎక్కిస్త" అన్నాను. బాపు కొన్న టేప్ రికార్డరు ఇంట్లో ఉండనే ఉంది.

ఇక మిగిలింది క్యాసెట్లు కొనడమే. అక్కడే ఇరుక్కున్నాను. హన్మకొండ చౌరస్తాలో పాటలు నింపిచ్చే దుకాణం అన్న, "నైంటీ నిమిషాలది వద్దు తమ్మీ, టేపు పల్చగుంటది, చుట్టుకపోతది. సిక్స్టీ తీస్కో" అన్నాడు. సిక్స్టీ అయితే మాటిమాటికీ పక్క మార్చలేక చస్తావని మా దోస్తు. కాలేజీ లైబ్రరీలోని ఇంగ్లీషు పత్రికేమో మామూలు టేపులో పాట వెనక బుస శబ్దం ఎక్కువ, క్రోమ్ టేపు తప్ప ఇంకోటి ముట్టుకోవద్దని రాసింది. (మా టేప్ రికార్డరుకు క్రోమ్ అంటే ఏమిటో తెలియదన్న సంగతి నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.) పడుకునేటప్పుడు ఒకటి ఖాయం చేసుకుంటే, పొద్దున సైకిలెక్కేసరికి ఇంకోటి మంచిదనిపించేది. చివరికి రకానికొకటి చొప్పున నాలుగు తెచ్చాను. ముందు ఒకే పాటను నాలుగింటిలో ఎక్కించి, ఏది మేలో తేలాక మిగతావి మొదలుపెడదామని నా పథకం.

పరీక్షకు పీపీ ప్లేటును ఎంచుకున్నాను. ప్లేయరు కొన్నప్పుడు దుకాణంలో ఊరికే ఇచ్చిన రికార్డది, మాటల్లేని క్లారినెట్. అది మొదలైతే చాలు, "ఆ పీపీ ప్లేటు తియ్‌రా, తలకాయ నొస్తది" అనేది అమ్మ. అరిగిపోయినా ఎవరికీ బాధ లేదు.

రెంటినీ వైరుతో కలిపే వీలు మా ఇంట్లో లేదు. ప్లేయరు ముందు టేప్ రికార్డరు పెట్టి, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, అందరూ నోరు మూసుకోవాలి. నోళ్లు మూయించాను గానీ ముక్కులు నా చేతిలో లేవు. బాపు ఎనుమాముల మార్కెట్లో మిర్చి దుకాణం గుమాస్తా. సీజన్లో ఆయనకంటే ముందు ఘాటు ఇంట్లోకి వచ్చేది. అంగీ విప్పి సరిగ్గా ప్లేయరు పైనున్న కొక్కేనికే తగిలించేవాడు. మొదటి క్యాసెట్లో పీపీ పైకెక్కి సన్నగా సాగే చోట బాపు తుమ్మాడు. గది అదిరింది. "నేనేం జెయ్యాలెరా, ఆపుకుంటె చెవులల్లకెళ్లి వచ్చేటట్టున్నది" అన్నాడు. రెండోదాంట్లో నేను తుమ్మాను, మూడోదాంట్లో అమ్మ. నాలుగోదాంట్లో మళ్లీ బాపే, ఈసారి జంటగా.

నాకు తుమ్ముల పట్టింపు లేదు, బుస తేలాలి. చెవి ఆనించి ఒకటి వినేవాణ్ని, అది తీసి ఇంకోటి, మళ్లీ మొదటిది. "నా పాటలెప్పుడు ఎక్కిస్తవురా?" అని అమ్మ అడిగినప్పుడల్లా, "ఆగే, ఇంక తేలలే" అని కసురుకునేవాణ్ని. అది తేలలేదు గానీ ఆదివారం వచ్చేసింది, దాని వెనకే మామయ్య రిక్షా.

రిక్షా మలుపు తిరిగాక, ప్లేయరు మీద కప్పే గుడ్డను మడతపెడుతూ, "ఒక్కటన్న ఎక్కిందారా?" అంది అమ్మ. సిగ్గుతో చచ్చిపోయాను. మొదటి క్యాసెట్ పెట్టి నొక్కాను. పీపీ మొదలైంది. అమ్మ మొహం చూడలేక గోడ చూస్తూ నిలబడ్డాను. బాపు తుమ్ము వచ్చింది. అమ్మ నన్నొకసారి, కొక్కేనికున్న అంగీనొకసారి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వసాగింది. కళ్ల నీళ్లు వచ్చాయి. అన్నీ నవ్వుకే వచ్చాయా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో పీపీయే మోగింది. నేను వాటి మీద సిక్స్టీ, క్రోమ్ అని రాసిపెడితే, అమ్మ మాత్రం "మీ బాపుది పెట్టు", "నీది పెట్టు" అని అడిగేది. ఏది బాగుందే అంటే, "అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి, తుమ్ములే వేరు" అంది.

మొన్న మా బిడ్డ వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తానని, "డాడీ, ఎంపీత్రీలో పెట్టాల్నా, ఫ్లాక్‌లనా?" అని అడిగింది. అంతే, పాత జబ్బు తిరగబెట్టింది. చదివాను, నలుగురినీ అడిగాను, పడుకునేటప్పుడు ఒకటి, లేచాక ఒకటి. చూసి చూసి అమ్మ, "ఏదన్న గానియ్యి బిడ్డా. మీ తాత తుమ్ము పోకుంట చూడు, సాలు" అంది మనవరాలితో. బాపు ఇప్పుడు లేడు. బిడ్డ నా జవాబు కోసం ఆగకుండా ఏదో నొక్కేసి పాట పెట్టింది. బుస ఎంతుందోనని అలవాటుగా చెవి ఆనించాను. పీపీ పైకెక్కి సన్నగా సాగే చోటు దగ్గర పడేసరికి బుస సంగతి మరిచిపోయాను, మిర్చి ఘాటేమీ లేని ఆ గదిలో నా ముక్కులో చక్కిలిగింత మొదలైంది.