గంట కట్టని మంద

పిందుస్ కొండల్లోని వ్లాక్ తెగ కాపరులు చలికాలం మైదానంలో గడిపి, మే నెల రాగానే గొర్రెలను లారీలెక్కించి కొండమీది ఊరికి చేరుస్తారు. డెబ్బై రెండేళ్ల స్తెర్యు మాత్రం మైదానం నుంచి ఎనిమిది రోజులు మందతో నడిచే వస్తాడు. భుజాన మేకబొచ్చు కంబళి, చేతిలో వంకీ కర్ర, జేబులో జున్నుముక్క. గంట కొనాలంటే చెవి దగ్గర మోగించి చూస్తాడు. మందలోని మిగతా గంటలతో శ్రుతి కలిస్తేనే తీసుకుంటాడు. ఆయన మంద కొండెక్కుతుంటే ఊళ్లో ఆడవాళ్లు పిండి కలపడం ఆపి వింటారు.

ఈ చలికాలంలో ఆయన భార్య జోయిత్సా పోయింది. ఇంట్లో చావు జరిగితే ఏడాదిపాటు మందకు గంట కట్టరు. స్తెర్యు అన్నీ విప్పి గాడిద మీద వేశాడు. ఆఖరి కనుమలో పొగమంచు కమ్మింది. ముందు నడిచే మేకపోతు గంట వినపడక గొర్రెలు లోయ అంచున చెల్లాచెదురయ్యాయి.

లారీలో ముందే ఊరు చేరిన జోయిత్సా చెల్లెలు తానాకు మంచులోంచి మేకపోతు పెద్దగంట వినిపించింది.

"అక్క పోయి మూణ్ణెల్లన్నా కాలేదు. అప్పుడే గంట కట్టేశాడు మా బావ" అంది మొహం మాడ్చుకుని.

కాసేపటికి రెండు వందల గొర్రెలు, మేకపోతుతో సహా, బోసి మెడలతో బయటికొచ్చాయి. వాటి ముందు స్తెర్యు, అడుగడుక్కీ తల ఊపుతూ, వగరుస్తూ. గంట ఆయన మెడలో ఉంది.

"ఇదేంటి బావా?"

"మందకి కట్టొద్దన్నారు గానీ, నన్ను కట్టుకోవద్దని ఎవరన్నారే?"

తానా ఆయన మెడలోని గంట తోలుపట్టీ విప్పింది. దాని కింద మెడ చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.