వీరభద్ర కారు డిక్కీలో నాలుగు బండలు

మా మేనల్లుడు వీరభద్ర పంతొమ్మిదో ఏట, బేతంచెర్లలో ఏ మేస్త్రీ సాయమూ లేకుండా, పన్నెండు బండలను ఒక్క చీలిక రాకుండా కోసి పాలిష్ పట్టాడు. వేళ్లు పగిలి నెత్తురు కారినా ఆపలేదు. ఆ బండలతోనే తన ఇంటికి మెట్లు కట్టుకున్నాడు. ముప్పై నిండేసరికి సొంత మిషను పెట్టి ఆరుగురికి పని చూపాడు. అంతటి పనిమంతుడు మా రెండిళ్లలోనూ లేడని నేను ఎక్కడైనా చెబుతాను.

నా పాత టర్బో కారు మీద వాడికి మొదటి నుంచీ కన్ను. పదిహేనేళ్లదైనా వేగంలో దాన్ని దాటే బండి మా చుట్టుపక్కల లేదు. పోయిన దసరాకు వాడికే అమ్మాను.

"వెనక తేలిక అల్లుడా, స్పీడులో ఎగురుతాది. డిక్కీలో నాలుగు బండలెయ్యి. నేను ఆరేండ్లు అట్లే తోలినా" అన్నాను.

"మనకు బండలకేం కరువు మామా" అని నవ్వాడు.

"తాడుతో కట్టల్లా మామా?" అని వాడి భార్య శివకుమారి అడిగింది.

"నేనెప్పుడన్నా కట్టినానామ్మా?" అన్నాను.

నందికొట్కూరు దారిలో గొర్రెలు అడ్డం వస్తే వాడు బ్రేకు తొక్కాడు. గొర్రె ఒక్కటీ చావలేదు. బండలు వెనక సీటును చీల్చుకొచ్చి వాడి నడుము విరిచాయి. ఇక నిలబడలేడని కర్నూలు డాక్టర్లు తేల్చారు.

చక్రాల కుర్చీ మెట్లెక్కదు. అందుకని వాడి తొలి బండలను నేనే గడ్డపారతో పెకలించి, అక్కడ సిమెంటుతో వాలు పోయిస్తున్నాను. వచ్చే మార్చి తొమ్మిది, సోమవారం వాడిని ఇంటికి తెస్తారు.